గాలిని తూచిన మా అత్త

ఆ ఉదయం ఫీనిక్స్ బే జెట్టీలో దీవుల మధ్య తిరిగే బోట్ల టికెట్ల లైను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. ముందురోజు సముద్రం బాగోక బోట్లు ఆపేశారు. ఆగిపోయిన జనం, ఆ రోజు జనం అంతా ఒక్కసారే వచ్చిపడ్డారు. కౌంటరు లోపల నేను తలెత్తకుండా పని చేసుకుంటూంటే ఫోను మోగింది. నాన్న. డ్యూటీ వేళ నాన్న ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

"గుంటా, అత్త ఎల్లిపోయిందే" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను. నా ముందు నిలబడ్డవాళ్ళంతా ఎక్కడికో వెళ్ళేవాళ్ళే. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని వెంటనే తట్టలేదు.

"కుర్చీలో కూకుని టీ తాగతా తాగతా అలాగే ఒరిగిపోయిందంట. పక్కింటోళ్ళు సూసేరు" అన్నాడు. వెనకాల అమ్మ ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమయింది.

మా అత్త అంటే నాన్నకి చెల్లెలు. మా తాత శ్రీకాకుళం వైపునించి ఓడెక్కి వచ్చాక ఈ దీవుల్లోనే పుట్టిన పిల్లలు వీళ్ళిద్దరూ. నాన్న పొలంలో ఉండిపోయాడు. సిప్పీఘాట్ దాటాక రెండు కొండల మధ్య గిన్నెలా ఉండే పల్లం మాది. అత్త చదువుకుంది. గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో పరీక్షచేసే ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదర్లేదు" అనేది, అంతే.

ఆ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ బోధపడలేదు. "గాలిని కొలుత్తారేటి? లీటర్లా, కిలోలా?" అని నాన్న ఆట పట్టించేవాడు. "తూస్తాం అన్నయ్యా" అనేది అత్త, ఏమాత్రం నవ్వకుండా.

నిజంగానే తూచేవారు. నా చిన్నప్పుడు ఒకసారి సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్ళింది. ఊరి బయట ఒక కొండ మీద రేకుల షెడ్డు, అందులో రోజంతా హోరుమనే మిషను. అది గాలిని లోపలికి లాగి ఒక తెల్లటి గుండ్రటి కాగితం గుండా పంపిస్తుంది. పెట్టేముందు కాగితాన్ని తూస్తారు, తీశాక మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువంతా గాలిలో ఉన్న దుమ్మూ పొగాదే. ఆ తూచే త్రాసు ఒక గాజు పెట్టెలో ఉంది. నేను ముఖం దగ్గరగా పెట్టబోతే అత్త నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"ఊపిరి బిగపట్టు. నువ్వు ఊపిరి వదిలినా దీనికి తెలిసిపోతుంది" అంది.

నా ఊపిరి కూడా ఒకదానికి తెలుస్తుందా అని ఆ రోజంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాక అరచేతిలోకి ఊదుకుని చూసుకున్నాను. ఇప్పటికీ ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు ఊదుకుంటాను.

లంబాలైన్‌లో అత్త ఇంటి డాబా మీదనించి ఎయిర్‌పోర్టు రన్‌వే కనబడేది. రన్‌వే పక్కన కర్రకి కట్టిన చారల గాలిసంచీ ఉంటుంది కదా, పొద్దున్నే లేచి దాని ముఖం చూడందే అత్త టీ పెట్టుకునేది కాదు. ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని అడిగేముందు "మీ దగ్గర గాలి ఎటు?" అని అడిగేది. ఎవరు ఏ సంగతి ఎంత గట్టిగా చెప్పినా "కొలిచాక మాట్లాడదాం" అనేది. పప్పులో ఉప్పు తక్కువైందని నేను సణిగినా అదే మాట.

నేను చదివింది హిందీ మీడియం. మాట్లాడ్డమే తప్ప తెలుగు రాయడం మా ఈడువాళ్ళలో చాలామందికి రాదు. ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి ఒత్తులు దిద్దించింది అత్తే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆవిడ చలవే. ఎక్కడైనా తప్పులుంటే మాత్రం అవి నావి.

ఇక పొగ సంగతి.

కోతలయ్యాక మా పల్లంలో గడ్డి కాల్చేవారు. పశువులకి కావలసినంత తీసుకుని, మిగిలింది మడిలోనే తగలబెట్టేవారు. బద్ధకంతో కాదు. తడి ఆరేలోగా ఆ మడుల్లో బెండ, అలసంద వేసుకోవాలి. గడ్డి ఉంటే దాని కింద నత్తలు చేరతాయి. మీరెరిగిన చిన్న నత్తలు కావు, పిడికిలంతేసి ఉంటాయి. ఇక్కడందరూ ఘోంఘా అంటారు. పగలంతా గడ్డి కింద నక్కి, పొద్దువాలాక బయటికొచ్చి, లేత మొక్క అన్నది లేకుండా తినేస్తాయి. వాటిని వదిలించుకోడానికి మా వాళ్ళకి తెలిసిన ఉపాయం నిప్పు ఒక్కటే.

మా దీవుల్లో గడ్డి పూర్తిగా ఎండదు. ఎప్పుడో ఒక వాన పడుతూనే ఉంటుంది. "ఎండుగడ్డి భగ్గున మండి అయిపోతుంది. తడిగడ్డి మంట లేకుండా రగులుతుంది. పొగంతా ఆ రగలడంలోనే ఉంది" అని అత్త చెప్పేది. ఆ పొగ రెండు కొండల మధ్య కూర్చుండిపోయేది. పొద్దున్నే లేస్తే పక్కింటి కప్పు కనబడేది కాదు. అమ్మకి ఉబ్బసం. అందుకని ఏటా కోతలవగానే నాన్న అమ్మని లంబాలైన్‌లో అత్త దగ్గర దింపేసి వచ్చేవాడు. మడులు చల్లారాక వెళ్ళి తీసుకొచ్చేవాడు. అదొక ఆనవాయితీ అయిపోయింది.

"వదిన్ని మా ఇంటికి పంపిస్తున్నావు, బాగానే ఉంది. పొగని ఎవరింటికి పంపిస్తున్నావు అన్నయ్యా?" అని ఒకసారి అడిగింది అత్త.

"సముద్రం ఉందిగదా. అదే మింగేత్తాది" అన్నాడు నాన్న. అప్పట్లో మేమందరం అలాగే అనుకునేవాళ్ళం. చుట్టూ ఇంత సముద్రం ఉండగా మనకేం అని.

నేను కాలేజీలో చేరిన ఏడు, అమ్మని ఇంకా పంపకముందే పక్క పొలం దాదా నిప్పు పెట్టేశాడు. దాదా బెంగాలీ, వాళ్ళ భాషలో దాదా అంటే అన్న. వాళ్ళ పెద్దలు కూడా మా తాతలాగే ఓడ దిగి ఇక్కడ పొలం చేసుకున్నవాళ్ళే. ఆకాశం మబ్బు పట్టింది, వాన పడితే గడ్డి నానిపోతుందని ఆయన తొందరపడ్డాడు. సాయంత్రానికి గాలి స్తంభించిపోయింది. అమ్మ నూతి దగ్గర బట్టలు జాడిస్తూ ఉన్నట్టుండి గట్టు పట్టుకుని కూలబడింది.

ఆటో పిలిచాం. డ్రైవరుకి రోడ్డు కనబడలేదు. లైటు వేస్తే పొగ ఇంకా తెల్లగా గోడలా నిలబడింది. నాన్న దిగి తలపాగా విప్పి చేత్తో ఊపుకుంటూ ఆటో ముందు నడిచాడు. ఆ తెల్లగుడ్డ వెనకాలే ఆటో పాకుతూ వెళ్ళింది. అమ్మ తల నా ఒళ్ళో ఉంది. పెదాలు నల్లబడిపోయాయి. ఊపిరి లోపలికి వెళ్తున్న చప్పుడే తప్ప బయటికి వస్తున్న చప్పుడు లేదు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక గానీ అమ్మ కళ్ళు తెరవలేదు. అప్పటికి అత్త వచ్చేసింది. నాన్న వరండాలో అటూ ఇటూ తిరుగుతూ "నాను కాల్చలేదు, నాను కాల్చలేదు" అంటూనే ఉన్నాడు.

"రేపు కాలుద్దామనుకున్నావు కదా" అంది అత్త. కోపంగా కాదు. మంచినీళ్ళు ఇచ్చినంత మామూలుగా అంది. నాన్న బెంచీ మీద కూర్చుండిపోయాడు.

దాదా గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రాడు. అత్త తనే బయటికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"దీదీ, ఆగ్ మైనే లగాయా" అన్నాడు. నిప్పు పెట్టింది నేనే అని.

"మాలూమ్ హై దాదా. చాయ్ పియా?" అంది అత్త. తెలుసు, టీ తాగారా అని. ఆయన చెయ్యి పట్టుకుని క్యాంటీన్‌కి తీసుకెళ్ళింది. ఆ రాత్రి ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

అమ్మ తేరుకుని ఇంటికొచ్చాక, ఫిబ్రవరిలో ఒక రోజు అత్త నాన్ననీ దాదానీ ఆ మిషనున్న కొండ మీదికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆకాశం కడిగినట్టుంది. కింద సముద్రం నీలంగా మెరుస్తోంది. మా పల్లంలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడా మంట లేదు. అప్పటికి అన్ని మడులూ చల్లారి చాలా రోజులైంది.

అత్త మిషను ఆపి, చిన్న పట్టకారుతో కాగితాన్ని తీసి, ఒక కొత్త కాగితం పక్కన పెట్టింది. కొత్తది మల్లెపువ్వులా ఉంది. మిషను లోంచి తీసింది బూడిద రంగులో ఉంది.

నాన్న కాగితం వైపు చూశాడు. తల తిప్పి ఆకాశం వైపు చూశాడు. మళ్ళీ కాగితం వైపు చూశాడు.

"ఇదేటి? ఇక్కడ పొగెక్కడుంది?"

"ఇక్కడిది కాదన్నయ్యా. వారంగా గాలి ఈశాన్యం నించి వస్తోంది. అటంతా సముద్రం. దాని అవతల నేల. అక్కడా కోతలయ్యాయి."

"గడ్డి పొగేనా?"

"అంతా గడ్డి పొగే అనను. బళ్ళ పొగ ఉంటుంది, దుమ్ముంటుంది, సముద్రపు ఉప్పూ ఉంటుంది. కానీ గడ్డీ కట్టే కాలిస్తే ఒక జాడ మిగులుతుంది, అది ఈ వారం తీసిన కాగితాలన్నిట్లో ఉంది. కొలిచే చెప్తున్నాను."

నాన్న మెల్లిగా అన్నాడు. "మా బాబు ఓడలో వాంతులు సేసుకుంటా, సత్తానో బతుకుతానో అనుకుంటా వొచ్చేడు ఆ సముద్రం మీద. ఇది ఊరికే వొచ్చీసిందా?"

దాదాకి అత్త హిందీలో చెప్పింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దణ్ణం పెట్టాడో నాకు తెలీదు. ఆ కాగితానికో, సముద్రానికో. మాకెవరికీ పేరు తెలియని ఊరిలో, మేమెప్పుడూ చూడబోని మనిషి ఒకడు అగ్గిపుల్ల గీశాడు. అది ఇంత నీటిని దాటి వచ్చి మా ముందు కూర్చుంది.

"మరి మనది ఎటు పోతాది?" అన్నాడు నాన్న.

"గాలి ఎటుంటే అటు."

"అటు ఎవరుంటారు?"

"ఎవరో ఉంటారు. వాళ్ళింట్లోనూ వదినలాంటి మనిషి ఉంటుంది" అంది అత్త.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగుతూ ఒకే మాట అన్నాడు. "వొచ్చే ఏడు కాలవ పక్క మడి కాల్చను. ఏటవుతాదో సూద్దాం."

చెప్పినట్టే కాల్చలేదు. ఆ మడిలో గడ్డి దుప్పటిలా పరిచి, సందుల్లో బెండా అలసందా విత్తాడు. మొలకలు బాగా వచ్చాయి. అత్త ఆదివారం వచ్చి చూసుకుని మురిసిపోయింది. ఆ వారంలోనే ఒక వాన పడింది. మర్నాడు పొద్దున్నే చూస్తే మడిలో ఒక్క ఆకు లేదు. కాడలు కూడా లేవు. గడ్డి మీద నత్తలు పాకిన జిగురు చారలు ఎండలో మెరుస్తున్నాయి. కాల్చిన మడుల్లో మొక్కలు దర్జాగా నిలబడి ఉన్నాయి.

నాన్న కోపం ఆ రోజు చూశాను. కబురు విని వచ్చిన అత్తని గుమ్మంలోనే నిలబెట్టాడు.

"గాలి సంగతి నీకు తెలుసు. మట్టి సంగతి నీకేటి తెలుసు? ఈ మడి మీదొచ్చే కూరలమ్మే మీ వదినకి మందులు కొనేది!"

"తెలీదు అన్నయ్యా. నత్తల సంగతి నేను ఆలోచించలేదు. తప్పు నాదే" అంది అత్త.

నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ టీ ఇచ్చినా అత్త తాగలేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాం. పెద్ద చదువు చదివినవాళ్ళు వచ్చి ఒక మాట చెప్పి, అది తప్పితే మళ్ళీ కనబడకపోవడం మాకు కొత్త కాదు.

మర్నాడు మొదటి బస్సుకి అత్త దిగింది. చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, రెండు చేతులకీ పాలిథీన్ సంచీలు కట్టుకుని ఉంది. అదివరకు మా ఇంటి గోడ మీద ఒక్క నత్త కనబడినా కెవ్వుమని కుర్చీ ఎక్కేసేది ఈవిడే. ఎవరినీ పలకరించకుండా మడిలోకి దిగి, గడ్డి ఎత్తి ఎత్తి నత్తల్ని ఏరడం మొదలుపెట్టింది. ముఖం పక్కకి తిప్పుకుని, పళ్ళు బిగించుకుని ఏరింది. బకెట్టు నిండాక ఉప్పునీళ్ళ డ్రమ్ములో వేసి, చేతులు కడుక్కుని, ఆఫీసు బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ వచ్చింది. నాన్న మాట్లాడేవాడు కాదు. అరుగు మీద కూర్చుని చూసేవాడు. గట్ల మీద ఉప్పు చల్లింది, వాన కరిగించేసింది. ఎవరినో అడిగి వచ్చి, తడి గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు పెట్టింది. తెల్లారేసరికి నత్తలన్నీ ఆ సంచుల కింద గుంపుగా చేరేవి. ఏరడం సులువైంది. కానీ పిల్ల నత్తలు, గుడ్లు మిగిలిపోయేవి. అప్పుడు దాదా గట్టు మీదికి వచ్చి, "దీదీ, వాటి సంగతి నా బాతులకి వదిలెయ్యండి" అన్నాడు హిందీలో. తన బాతుల్ని ఆ మడిలోకి తోలాడు. అత్త బకెట్టు పట్టుకునే నవ్వింది. ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూడ్డం.

మళ్ళీ కోతలొచ్చాయి. అత్త గుమ్మంలో నిలబడి అడిగింది. "అదే మడి అన్నయ్యా. ఈసారి నత్తలు నావి."

నాన్న సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆ మడికి మాత్రం నిప్పు పెట్టలేదు. విత్తడానికి ముందే బాతులు దిగాయి, గోనెసంచులు పడ్డాయి. మొలకలు నిలబడ్డాయి. మార్చిలో ఎండలకి మిగతా మడులు బీటలు తీసినప్పుడు నాన్న ఒక రోజు ఆ గడ్డిలోకి చెయ్యి పెట్టి చూశాడు. చేతికి తడి మట్టి అంటింది. ఆ చెయ్యి తుడుచుకోకుండానే ఇంట్లోకి వచ్చి అమ్మకి చూపించాడు. తర్వాత ఫోన్ తీసి అత్తకి చేశాడు.

"సెల్లీ, తడి ఉందే" అన్నాడు. ఆ రెండు ముక్కలకే అవతల అత్త ఏడ్చేసిందట. చాలా ఏళ్ళ తర్వాత తనే నాకు చెప్పింది.

ఆ పై ఏడు నాన్న ఏ మడీ కాల్చలేదు. తర్వాత దాదా మానేశాడు. క్రమంగా మా పల్లంలో మిగతావాళ్ళూ మానేశారు. దీవులన్నిటా మానేశారని రాయలేను. ఇప్పటికీ బోటు మీద వెళ్తూంటే అక్కడక్కడ ఒడ్డున పొగ లేస్తూ కనబడుతుంది. ఎక్కువ చేసి చెప్తే అత్త ఊరుకోదు.

నాకు ఇప్పటికీ అంతుపట్టనిది ఒకటుంది. సముద్రం అవతల కాలిన గడ్డి జాడని ఊపిరి బిగబట్టి తూచిన చెయ్యీ, మా మడిలో నత్తలు ఏరిన చెయ్యీ ఒకటే. ఒక పని గొప్పదనీ ఒకటి తక్కువదనీ ఆవిడ ముఖంలో ఏనాడూ కనబడలేదు. తను ఓడిపోయిన చోటికే పొద్దున్నే బస్సెక్కి రావడానికి ఎంత గుండె కావాలో నాకు ఈ వయసులో కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

అత్తని సాగనంపిన రోజు లంబాలైన్ సందులో ఆఫీసువాళ్ళకంటే మా పల్లం రైతులే ఎక్కువ ఉన్నారు. దాదా ఇప్పుడు బాగా ముసలాయన, కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక నేను రెండు రోజులు సెలవు పెట్టి పొలానికి వెళ్ళాను.

పొద్దున్న లేచేసరికి అమ్మ మంచం మీద లేదు. వీధిలోకి వచ్చాను. రెండు కొండల మధ్య తెల్లగా పరుచుకుని ఉంది. ఒక్క క్షణం పాత భయం పట్టుకుంది. తర్వాత తెలిసింది, అది మంచు. ఎండ పడుతూంటే విడిపోతోంది. కాలవ పక్క మడిలో, మోకాళ్ళ దాకా ఉన్న ఆ తెలుపులో, అమ్మ వంగి అలసంద కాయలు కోస్తోంది. చెంగు నిండిపోయి ఉంది. నడుం నిలబెట్టి, తల పైకెత్తి, గట్టిగా ఒక ఊపిరి తీసుకుంది. నేను చూస్తున్నానని తెలీదు. మళ్ళీ వంగి కోసుకుంటూ ఆ మంచులోకి వెళ్ళిపోయింది.